రెండో వేలిముద్ర

జక్కయ్య ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, గాలికి లేవకుండా రెండు అరచేతులూ ఆనించి పట్టుకున్నాడు.

"చదివి చెప్పమ్మా. మా గుమస్తా గారు జైలంటున్నాడు. నవ్వులాటకన్నాడో, నిజంగానే అన్నాడో తెలవట్లా."

గవర్నర్‌పేటలో బట్టల హోల్‌సేల్ దుకాణాల వరస చివర, ఫుట్‌పాత్ మీద ఒక పెద్ద గొడుగు, దాని కింద మడత బల్ల. సిమ్ కార్డులమ్మే ఆ బల్ల వెనక షాహీదా రోజూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా నిలబడుతుంది. నెలకు తొమ్మిది వేలు. ఆ రోజు నెలాఖరు. పదకొండున్నరైనా రెండు సిమ్‌లే పోయాయి. ఆగస్టు ఉక్క గొడుగు కింద ఇంకా ఎక్కువగా ఉంది. టీమ్ లీడర్ లక్ష్మీకాంత్ అప్పటికే నాలుగుసార్లు ఫోన్ చేశాడు. సాయంత్రానికి ఎనిమిది కాకపోతే ఇన్సెంటివ్ సంగతి మరిచిపొమ్మన్నాడు. ఐదోసారి చేస్తే ఉద్యోగమే మరిచిపొమ్మంటాడని ఆమెకు తెలుసు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. ఉత్తరాదిన ఏదో జిల్లా పోలీసులు పంపింది. షాహీదా ఇంటర్ దాకా చదివింది. కూడబలుక్కుంటూ చదివింది. ఫలానా నెంబరు నుంచి ఎవరో పోలీసులమని చెప్పి ఒక రిటైర్డ్ టీచరమ్మను బెదిరించారు. ఆమె దాచుకున్న పదకొండు లక్షలూ కాజేశారు. ఆ నెంబరు విజయవాడ వాస్తవ్యుడైన జక్కయ్య పేరున ఉంది. అతను పదిహేను రోజుల్లో అక్కడికి వచ్చి హాజరు కావాలి.

షాహీదా చదివినంతా తెలుగులో చెప్పింది. జక్కయ్య నింపాదిగా విన్నాడు.

"అది నా నెంబరు కాదమ్మా. నాకున్నది ఒకటే, ఎండాకాలంలో నువ్విచ్చిందే. ఆ మాట వాళ్ళకి రాసి పంపితే పోదా? షావుకారు గారు ఇది తేలిందాకా మూటలు మొయ్యటానికి రావద్దన్నాడు. పోలీసులు కొట్టు మీదకి వస్తారని భయం ఆయనకి. ఫోన్ల సంగతి తెలిసినోళ్ళు నాకు నువ్వేగా."

నోటీసు కింద వరసలో నెంబరు పక్కన ఒక తేదీ ఉంది. ఏప్రిల్ పదిహేడు. ఆ సిమ్ మొదలైన రోజు.

షాహీదాకు ఆ రోజు గుర్తుంది. జక్కయ్య బేళ్ళు దించి, చెమటతో వచ్చి నిలబడ్డాడు. వేలిముద్రల మిషన్ మీద బొటనవేలు పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. అతని సిమ్ పని అప్పుడే అయిపోయింది. అయినా ఆమె, "ముద్ర సరిగ్గా పడలా బాబాయ్, ఇంకోసారి పెట్టు" అంది. అతను వేలు తువ్వాలుకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.

ఆ రెండో ముద్రతో అతని పేరునే ఇంకో సిమ్ పుట్టింది. దాన్ని సాయంత్రం లక్ష్మీకాంత్ పట్టుకుపోయాడు.

"నీడలో కూర్చో బాబాయ్," అంది షాహీదా. "కస్టమర్లు తగ్గాక చూసి చెప్తా."

బల్ల ముందు కస్టమర్లెవరూ లేరు. జక్కయ్య ఆ మాట పట్టించుకోలేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పక్క దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు.

మొదటిసారి ఆ పని చేసి చూపించింది లక్ష్మీకాంతే. ఆమె చేరిన రెండో నెల, టార్గెట్ పడక ఏడుపు మొహంతో ఉంటే, బల్ల వెనక్కి వచ్చి నిలబడి, ఒక ముసలాయన చేత రెండుసార్లు వేలు పెట్టించాడు. "కంపెనీకి లెక్కలో నెంబర్లు కావాలండీ, అంతే. ఇవెవరూ వాడరు, డబ్బాలో పడుంటాయి" అన్నాడు. ఆమె నమ్మింది. భర్త కరిముల్లాకు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పని. వారంలో మూడు రోజులుంటే మూడు రోజులు ఉండదు. కూతురు ఆస్రా ఎనిమిదో తరగతి. ఇంటద్దె నాలుగున్నర వేలు. నమ్మకపోతే గడవదు కనక నమ్మింది. ఒకసారి లక్ష్మీకాంత్ రబ్బరు బ్యాండు వేసిన సిమ్‌ల కట్టను లాడ్జి ముందు ఆగిన కారులోకి అందించడం చూసింది. ఆ తర్వాత డబ్బా గురించి ఎప్పుడూ అడగలేదు.

పన్నెండు దాటాక ఒక ముసలావిడ గబగబా వచ్చి బల్ల అంచు పట్టుకుంది. చేతిలో చిన్న బటన్ల ఫోను.

"సిమ్ము కావాలమ్మా. బేగా ఇవ్వాలి. పెద్దాసుపత్రిలో మా ఆయనకి ఇయ్యాల తుంటి ఆపరేషను. నన్ను వార్డులో ఉండనివ్వట్లేదు, బయటుండు, ఫోన్ చేస్తామన్నారు. చూస్తే ఫోను బకెట్లో పడింది. ఫోను బతికింది గానీ సిమ్ము చచ్చింది."

"పాత నెంబరే తీసుకోవచ్చు పెద్దమ్మా."

"అది మా అల్లుడి పేరున ఉందంట. ఆయనొచ్చి సంతకం పెట్టాలంట. ఆయన హైదరాబాదులో ఉన్నాడు."

ఆవిడ పేరు మాణిక్యమ్మ. కూచిపూడి అవతల చిన్న ఊరు. భర్త బసవయ్య ధాన్యం బస్తాల మీద నుంచి జారిపడ్డాడు. షాహీదా ఆధార్ నెంబరు కొట్టి, ఆవిడ ఫొటో తీసి, మిషన్ ముందుకు జరిపింది. మాణిక్యమ్మ కుడి బొటనవేలు పెట్టింది. ఎర్రదీపం. మళ్ళీ పెట్టింది. ఎర్రదీపమే. చూపుడువేలు పెట్టినా అంతే.

"రొయ్యలు ఒలిచే షెడ్డులో పన్నెండేళ్ళమ్మా," అంది మాణిక్యమ్మ, తప్పు తనదైనట్టు. "ఐసు నీళ్ళల్లో నాని గీతలన్నీ పోయాయి. రేషను కాడా ఇదే గోల."

షాహీదా ఆవిడ వేళ్ళను ఒక్కొక్కటే తన చున్నీతో తుడిచి చూసింది. వేళ్ళ చివర్లు సబ్బుబిళ్ళల్లా నున్నగా ఉన్నాయి. ఎడమ చేతి ఉంగరపు వేలికి మాత్రం కాస్త గీతలు మిగిలాయి. అది పెట్టి, పైనుంచి మెల్లగా నొక్కి పట్టుకుంది. పచ్చదీపం వెలిగింది.

"పడిందా?" అన్న మాట వెనక నుంచి వినిపించింది. లక్ష్మీకాంత్ బైకు దిగి వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. మాణిక్యమ్మను ఒకసారి ఎగాదిగా చూసి, షాహీదా చెవి దగ్గరకు వంగాడు. "ఈవిడ పేరున ఇంకో రెండు సిమ్‌లు లాగెయ్యండి. ఏ వేలు పడిందో అదే వేలు."

"ఆవిడ ఆస్పత్రికి పోవాలి సార్."

"రెండు నిమిషాలేగా." పైకి గట్టిగా, "సర్వర్ స్లోగా ఉందమ్మా, ఇంకోసారి పెట్టాలి" అన్నాడు.

మాణిక్యమ్మ వెంటనే ఉంగరపు వేలు కొంగుతో తుడుచుకుని మిషన్ మీదకు చాచింది. షాహీదా అరచెయ్యి మిషన్ అద్దం మీద పడింది. అలా పెడతానని ఆమె అంతకు ముందు అనుకోలేదు.

"వద్దు పెద్దమ్మా. మీదైపోయింది."

లక్ష్మీకాంత్ నవ్వు మొహం చెదరలేదు. "ఏంటండీ ఇవాళ కొత్తగా?"

"ఆ మెట్టు మీద కూర్చున్నాయన్ని చూడండి," అంది షాహీదా, గొంతు తగ్గించి. "ఏప్రిల్లో మీరు పట్టుకెళ్ళిన సిమ్. పోలీసుల నోటీసొచ్చింది. ఆయన్ని పనిలోంచి ఆపేశారు."

లక్ష్మీకాంత్ అటు చూశాడు. అతని చూపులో ఆశ్చర్యం లేదు. అదే ఆమెను భయపెట్టింది.

"ఎవరి లాగిన్‌లో ఎక్కిందది?"

"నాదే."

"మరి? నా పేరెక్కడుంది దాంట్లో? ఇప్పటిదాకా అలాంటివి నూట డెబ్బై ఎక్కాయి. అన్నీ మీ ఫొటోతో, మీ ఐడీతో. నేనొక్కదానికన్నా చెయ్యి పెట్టానా? ఇలాంటి నోటీసులు వేలల్లో వస్తాయండీ. నాకు తెలీదని చెప్పి పంపించెయ్యండి. నాలుగు నెలలు తిరిగి వాళ్ళే ఊరుకుంటారు."

"అంత దూరం ఆయనెలా వెళ్తాడు?"

"అది మీకెందుకు? పిల్లున్న మనిషివి, నీ సంగతి చూసుకో."

మర్యాద అక్కడితో పోయింది. అతను బల్ల మీదున్న ఫోను తీసుకున్నాడు. సిమ్‌లు ఎక్కించేది ఆ ఫోనులోనే. అది డిస్ట్రిబ్యూటర్ ఇచ్చింది. మాణిక్యమ్మ దరఖాస్తు తెర మీదే ఉంది, చివరి మెట్టు మిగిలుంది.

"రెండోది వేయించు. ఈవిడది ఓకే చేస్తా. లేకపోతే ఇది క్యాన్సిల్."

మాణిక్యమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఎందుకమ్మా గొడవ? నేను పెడతాలే. వేలేగా, నాకేం పోయింది. రక్తం ఎక్కించాలో లేదో పన్నెండున్నరకల్లా చెప్తామన్నారు. ఆ సారు చెప్పినట్టు కానియ్."

ఆవిడ వేలు మళ్ళీ ముందుకొచ్చింది. షాహీదా ఆ వేలిని పట్టుకుంది. చల్లగా, నున్నగా ఉంది. వదిలేస్తే సరిపోతుంది. ఆవిడే పెడుతోంది. ఇన్నాళ్ళూ ఎవరి వేలునీ తను బలవంతంగా లాగి పెట్టలేదు. అందరూ తమంతట తామే పెట్టారు, ఆమె అడిగిందని.

"పెద్దమ్మా, రెండోసారి పెడితే మీ పేరున ఇంకో సిమ్ పుడుతుంది," అంది. ఈసారి గొంతు తగ్గించలేదు. "అది మీకివ్వరు. ఇంకెవరికో అమ్ముకుంటారు. దాంతో ఎవడో దొంగతనం చేస్తే పోలీసులు మీ ఇంటికొస్తారు. నేనిట్లా చాలామంది చేత పెట్టించా. మీ చేత పెట్టించను. ఇక ముందు ఎవరడిగినా పెట్టమాకండి."

ఎదురుగా టీ తాగుతున్న ఇద్దరు గ్లాసులు దించి చూశారు. బట్టల కొట్టులో కుర్రగుమస్తా గడప దాకా వచ్చాడు. "ఏంటి గొడవ?" అని ఎవరో అడిగారు. "ముసలావిడ సిమ్ము ఆపాడంట," అని ఇంకెవరో చెప్పారు. లక్ష్మీకాంత్ చుట్టూ చూసి, ఫోను బల్ల మీద పెట్టాడు.

"కానియ్. చేసుకో. దీంతో నీ పని సరి."

షాహీదా చివరి మెట్టు పూర్తి చేసింది. కొత్త సిమ్ విప్పి, బటన్ల ఫోనులో వేసి, తెర వైపు చూస్తూ నిలబడింది. మాణిక్యమ్మ కూడా చూస్తోంది. సిగ్నల్ గీతలు లేవు. ఒక నిమిషం. రెండు. ఫోను ఆపి మళ్ళీ పెట్టింది. పది నిమిషాలకు ఒక గీత లేచింది, తర్వాత రెండు. సిమ్ ధ్రువీకరణకు కంపెనీకి ఫోన్ చేయించి, ఆస్పత్రి చీటీ మీదున్న వార్డు ఫోన్ నెంబరు నొక్కి ఆవిడ చేతికిచ్చింది.

"ఆఁ, బసవయ్య తాలూకేనండి... లేదండి, ఫోను పాడైతే... వస్తన్నానండి, ఇప్పుడే వస్తన్నా." మాణిక్యమ్మ ఫోను బొడ్లో దోపుకుంది. డబ్బులు బల్ల మీద పెట్టి, ఏదో అనబోయి, టైము లేక, ఆటో కోసం రోడ్డు మీదకు పరిగెత్తింది.

లక్ష్మీకాంత్ మిషను, ఫోను, మిగిలిన సిమ్‌ల డబ్బా సంచిలో వేసుకున్నాడు. గొడుగు తనే ముడిచాడు. "రేపట్నించి రావద్దు. పోలీసుల దగ్గరకి పోతానంటే పో. ముందు లోపలేసేది నిన్నే," అని బైకు తీశాడు.

గొడుగు తీసేసిన చోట ఎండ తెల్లగా పడింది. షాహీదా తన చేతిసంచి పట్టుకుని అక్కడే నిలబడింది. జక్కయ్య మెట్టు మీద నుంచి లేచి ఆమె ముందుకొచ్చాడు. అతను అంతా విన్నాడు.

"నా చేత ఎన్నిసార్లు పెట్టించావమ్మా?"

"రెండుసార్లు బాబాయ్."

అతను తిడతాడనుకుంది. చెయ్యి చేసుకున్నా తప్పు లేదనుకుంది. జక్కయ్య తన బొటనవేలు వైపు చూసుకున్నాడు.

"పడలేదంటే నిజంగానే పడలేదనుకున్నా," అన్నాడు. "చెమట చేతులు కదా అనుకున్నా."

అతను చొక్కా జేబులోంచి ఆ నోటీసు తీశాడు.

"ఇందాక ఆ ముసలమ్మకి చెప్పావే, ఆ మాట స్టేషన్‌లో చెప్తావా?"

"నన్ను పట్టుకుంటారు."

"నన్నెట్లాగూ పట్టుకుంటారుగా అమ్మా."

అంతే అని అతను స్టేషన్ వైపు నడక మొదలుపెట్టాడు. రమ్మని పిలవలేదు. వస్తోందో లేదో అని వెనక్కి తిరిగి చూడలేదు. మూటలు మోసి మోసి వంగిన వీపు, దాని మీద ఎర్ర తువ్వాలు.

ఆస్రా బడి నుంచి మూడున్నరకు వస్తుంది. రోజూ పక్కింట్లో ఇచ్చే తాళంచెవి ఇవాళ షాహీదా సంచిలోనే ఉండిపోయింది. కరిముల్లాకు ఫోన్ చేస్తే, ఏం చెప్పాలో తేలకముందే అతను వద్దంటాడు. కుడిపక్కకి తిరిగితే బస్టాప్, నాలుగు అడుగులు. ఇంటికి పోయే పటమట బస్సు ఆగి ఉంది, కండక్టరు కేకలేస్తున్నాడు.

బీసెంట్ రోడ్డు మలుపులో మధ్యాహ్నపు జనం ఎదురొస్తున్నారు. సంచులు, స్కూటర్లు, తోపుడుబండ్లు. వాళ్ళ మధ్య జక్కయ్య తువ్వాలు ఒకసారి కనిపించి, ఒకసారి కనిపించకుండా పోతోంది. బస్సు కదిలింది. షాహీదా సంచి భుజానికి ఎగదోసుకుని, అతను కనుమరుగు కాకముందే అందుకోవాలని అడుగు వేగం పెంచింది.