చక్కెర అడిగిన మధ్యాహ్నం

తొంభై ఆరు జూన్‌లో ఒక జపాన్ జంట వరసగా నాలుగు రోజులు మా హోటల్‌కి భోజనానికి వచ్చారు. అప్పటికి నేను ఫ్రాన్సులోని ల ప్యూయి ఊళ్ళో, గిలెన్ గారి హోటల్లో వడ్డన పనిలో చేరి పదకొండేళ్ళు. కొండరాయి మీది చర్చికి మెట్లెక్కి దిగినవాళ్ళంతా ఆకలితో మా దగ్గరికే వస్తారు.

ఆయన పేరు తెత్సురో, ఆమె పేరు హిసాయో. ఇద్దరికీ అరవై దాటాయి. ఆమె ఫ్రెంచి మాటలు రాసుకున్న చిన్న అట్టముక్క చూసుకుంటూ, పక్క బల్లవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా అడిగేది.

"నిమ్మరసం. సాఁ సూక్ర్. సిల్ వు ప్లే."

సూక్ర్ అంటే చక్కెర, సాఁ అంటే లేకుండా, చివరిది దయచేసి. ఆమెకి వచ్చిన ఫ్రెంచి అంతే. నిమ్మరసంతో పాటు మేం విడిగా ఇచ్చే చక్కెర గిన్నెని కూడా రెండు చేతులతో నా వైపు నెట్టేసేది. భోజనమయ్యాక తాగే వెర్బీనా ఆకుల కషాయం కూడా సాఁ సూక్రే. ఆయన బల్ల చాటున చొక్కా అంచు ఎత్తి పొట్టలో ఇన్సులిన్ సూది పొడుచుకోవడం మొదటిరోజే చూశాను. చక్కెర జబ్బు మనిషి, ఆయనకి చక్కెర విషం అని మనసులో రాసేసుకున్నాను.

వంటాయన రెమికి వేళాకోళం ఎక్కువ. "ఏం సొలాంజ్, చక్కెరొద్దమ్మ గారు వేంచేశారా?" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ఐదో రోజు ఆదివారం. వాళ్ళు చెమటలు కక్కుతూ వచ్చారు. ఆ రాతిమెట్లు ఎక్కొచ్చారని ఎర్రబడ్డ మొహాలే చెప్పాయి. ఉడికించిన పప్పు, సాసేజి అడిగారు. ఎప్పటిలాగే ఆయన సూది వేసుకున్నాడు. అంతలో నలభైమంది యాత్రికులతో ఒక బస్సు వచ్చి మా గుమ్మం ముందు ఆగింది.

"అందరికీ ఒకేసారి వడ్డించాలంట. ముందు వాళ్ళ పని చూడండి," అంది గిలెన్.

"కిటికీ దగ్గరి ముసలాళ్ళు ముందొచ్చారు మదామ్."

"ఇద్దరి కోసం నలభైమందిని కూర్చోబెడతావా?"

నేను వాళ్ళ దగ్గరికెళ్ళి ఐదు వేళ్ళు చూపించాను, ఐదు నిమిషాలని. కాసేపటికి ఇంకోసారి చూపించాను. మూడోసారి చూపించేటప్పటికి వాళ్ళొచ్చి ముప్పావుగంట దాటింది. బల్ల మీద రొట్టె బుట్ట కూడా పెట్టలేదని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

నాలుగు పళ్ళేలు చేతుల్లో పెట్టుకుని వెళుతుంటే హిసాయో నా ఏప్రాన్ పట్టుకుని లాగింది.

"సూక్ర్!"

"అలాగే మదామ్, తెలుసు. చక్కెర లేకుండానే తెస్తా," అన్నాను.

"సూక్ర్! సూక్ర్!"

చక్కెర లేని కోలా సీసా తెచ్చి గ్లాసులో పోశాను. ఆమె ఆత్రంగా తీసుకుని భర్త నోటికి పెట్టబోతూ, ఎందుకో తను ఒక గుక్క తాగింది. మొహం పాలిపోయింది. గ్లాసు నా చేతిలో కుక్కి, "నోఁ! సూక్ర్!" అని గట్టిగా అరిచింది.

ఇందులో చక్కెర ఉందని కోప్పడుతోందనుకున్నాను. ఒట్టేసి చెబుతున్నాను, అలాగే అనుకున్నాను. సీసా మీది అక్షరాలు వేలితో చూపించాను. "చూడండి మదామ్, లేదు, అస్సలు లేదు!"

ఆమె అట్టముక్క తీసి పైనుంచి కిందిదాకా చూసింది. తిప్పి వెనక చూసింది. కావలసిన మాట అందులో లేదు. చేతిసంచి బల్ల మీద బోర్లించింది. చప్పరించే తీపి బిళ్ళల చిన్న డబ్బా దొర్లి మూత ఊడింది, లోపల ఖాళీ. ఆమె నా కళ్ళలోకి చూస్తూ తన భాషలో గబగబా ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. తల ఊపుతూ నిలబడ్డాను, ఏమీ అర్థం కానివాళ్ళు ఊపినట్టే.

తెత్సురో తల వాలిపోతోంది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. ఆమె పట్టుకోబోతే చెయ్యి విదిలించి కొట్టాడు, ఏదో గొణిగాడు.

గిలెన్ వచ్చింది. "తాగొచ్చాడా? బయటికి తీసుకుపొమ్మను, జనం చూస్తున్నారు."

"వైన్ వాసన కూడా చూడలేదు మదామ్ ఆయన!"

"మరేంటా ఊగడం?"

హిసాయో మా ఇద్దరినీ చూసింది. ఇక మాతో లాభం లేదని ఆమెకి తెలిసిపోయింది. లేచి, కుర్చీలు తోసుకుంటూ కౌంటరు వైపు పరిగెత్తింది. అక్కడ ఎర్రటి దానిమ్మ షర్బత్ సీసా ఉంది. దాన్ని లాక్కుంది.

"ఏయ్! పెట్టక్కడ!" గిలెన్ ఆమె మణికట్టు పట్టుకుంది.

ఆ నెమ్మది మనిషి గిలెన్‌ని భుజంతో ఒక్క తోపు తోసింది. మూత పళ్ళతో పీకి ఉమ్మేసింది. వేలు షర్బత్‌లో ముంచి భర్త చిగుళ్ళకి రాసింది. మళ్ళీ ముంచి మళ్ళీ రాసింది. ఆయన గొంతు కదిలాక కొంచెం కొంచెంగా పెదాల మీద పోసింది. తెల్ల చొక్కా మీద ఎర్రటి చార దిగింది. యాత్రికుల్లో ఎవరో రక్తం అనుకుని కేక పెట్టారు.

నాకు అప్పుడు అర్థమైంది.

"చక్కెర కావాలంటోంది! రెమీ, అంబులెన్సుకి ఫోన్ చెయ్! చక్కెర పడిపోయింది ఆయనకి!"

"పడిపోవడమేంటి? ఎక్కువ కదా జబ్బు?"

"సూది వేసుకుని ముప్పావుగంటగా ఏమీ తినలేదాయన, చెయ్యమన్నానా!"

నేను ఆయన కుర్చీ వెనక నిలబడి తల నిటారుగా పట్టుకున్నాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూడటం లేదు. హిసాయో ఒకటే మాట అంటోంది, ఆయన పేరే అయ్యుంటుంది. నలభైమందిలో ఒక్కరూ చెంచా కదపలేదు. ఆ పది నిమిషాల్లో నేను ఎన్ని మొక్కులు మొక్కానో, ఎన్నిసార్లు నన్ను నేను తిట్టుకున్నానో నాకే తెలియదు. ఐదు వేళ్ళు చూపించిన చెయ్యి ఇదేగా అని ఒకటే రొద.

అంబులెన్సువాళ్ళు వచ్చి వేలు గుచ్చి చూశారు. వాళ్ళలో పెద్దాయన పెదవి విరిచి, తొడకి చక్కెర పెంచే సూది మందు వేశాడు.

"ఆ షర్బత్ పట్టించిందెవరు?"

"ఆవిడే."

"అదే లేకపోతే ఈపాటికి మనిషి ఉండేవాడు కాదు," అన్నాడు.

స్ట్రెచర్ ఎత్తుతుంటే ఆమె భర్త చెయ్యి వదల్లేదు. వాళ్ళు అడిగే ప్రశ్నలు ఆమెకి తెలియవు, ఆమె చెప్పేది వాళ్ళకి తెలియదు. ఆమె సంచి చంకన పెట్టుకుని నేనూ బండి ఎక్కబోయాను.

"ఎక్కడికే? నలభైమందికి ఎవరు వడ్డిస్తారు?" గిలెన్ గుమ్మంలోంచి అరిచింది.

"మీరే వడ్డించండి మదామ్," అన్నాను. పదకొండేళ్ళలో ఆమెకి ఎదురుచెప్పడం అదే మొదలు.

ఆసుపత్రి వసారాలో బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. ఆమె చేతులు ఇంకా ఎర్రగా జిగటగానే ఉన్నాయి. కడుక్కోమని సైగ చేశాను. తలుపు వైపు చూసి వద్దంది. తడి గుడ్డ తెచ్చి నేనే ఒక్కో వేలూ తుడిచాను. క్షమించమని మా భాషలో ఎన్నోసార్లు చెప్పాను. ఆమెకి అర్థమైందో లేదో. కోపం మాత్రం నాకు కనపడలేదు. ఎప్పుడు విప్పిందో, బూట్లు బెంచీ కింద జతగా పెట్టి, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

మూడున్నరకి డాక్టరమ్మ వచ్చింది. "తెలివొచ్చింది. ఆవిడ కోసమే అడుగుతున్నాడు. రాత్రికి ఇక్కడే ఉంచి రేపు పంపిస్తాం."

నేను తిరిగి హిసాయోకి బొటనవేలు ఎత్తి చూపించాను. ఆమె నమ్మలేదు. నా బొటనవేలు గట్టిగా పట్టుకుని, అటూ ఇటూ ఊపి, ప్రశ్నలా చూసింది. అవునని తలూపాను. లోపలినుంచి ముసలి గొంతు ఒకటి సన్నగా ఏదో పిలిచింది.

ఆమె మేజోళ్ళతోనే పరిగెత్తింది. నున్నటి నేల మీద ఒకచోట జారి, గోడ పట్టుకుని, మళ్ళీ పరిగెత్తింది. నేను బెంచీ కింద బూట్లు తీసుకుని వెనకాలే వెళ్ళాను.