చీల్చినదానికి సాక్ష్యం

మజ్జిగ తిత్తి ఇంకా బరువుగానే ఊగుతోంది. వెన్న పడలేదు. గుడారం ముందు మూడు కర్రలు నిలబెట్టి వేలాడగట్టిన ఆ మేకతోలు తిత్తిని తిర్సా తనవైపు లాగుతోంది, వదులుతోంది, మళ్లీ లాగుతోంది. పొడుగాటి మనిషి. ఎముకలు తేలిన భుజాలు, తాడు ఒరిసి ఒరిసి కాయలు కాసిన అరచేతులు. యారీమును చేసుకుని ఈ పాళెంలోకి వచ్చిన నాటినుంచి పొద్దు పొడిచేసరికి ఆమె ఉండే చోటు ఇదే. వెన్న అమ్మీయేలు పెద్దాయన గుడారానికి పోతుంది, మజ్జిగ కూలివాళ్లకు మిగులుతుంది. అందులో ఆమెకు ఫిర్యాదేమీ లేదు.

హద్నీ వచ్చాడు. పెద్దాయన మందలన్నిటి మీదా పెత్తనం అతనిదే. వచ్చినవాడు పలకరించకుండా పొయ్యి దగ్గరికి పోయి కుండ మీద మూత ఎత్తాడు, వాసన చూశాడు. చిక్కుడుగింజల పులుసు. పుల్లతో బూడిద కెలికాడు, ఎముక ముక్క ఏదైనా తగులుతుందేమోనని. వారానికోసారైనా చేసే పనే ఇది. కాపరుల పొయ్యిలన్నీ ఇలాగే చూస్తాడు. అయితే మామూలుగా చూసి పోతాడు, ఇవాళ గుడారం తెర కూడా పైకెత్తి చూశాడు. లోపల కూతురు సిల్లా ఉన్ని దువ్వుతోంది, అంతే.

"మీ ఆయన ఇంకా రాలేదా?" అన్నాడు.

రాలేదంది తిర్సా. తిత్తి ఊపడం ఆపలేదు.

సంగతేమిటంటే, నిన్న సాయంత్రం యారీము ఒక గొర్రె తక్కువతో మంద తోలుకొచ్చాడు. సింహం ఎత్తుకుపోయిందన్నాడు. ఆ దక్షిణదేశంలో ఏ పాళెంలో అడిగినా కట్టుబాటు ఒకటే. క్రూరమృగం చీల్చితే కాపరి తప్పు లేదు, కానీ మిగిలిన ముక్క తెచ్చి చూపించాలి. కాలి ఎముకో, చెవో, ఏదో ఒకటి. తేలేకపోతే అది మృగం తిన్న గొర్రె కాదు, కాపరి తిన్న గొర్రె. నిన్నటిదాకా యారీము ఏనాడూ తేకుండా రాలేదు. చివరికి అదే అతనికి తప్పయి కూర్చుంది. మొన్న చలికాలంలో ఒక చెవి తెచ్చి పెట్టినప్పుడు హద్నీ దాన్ని వేళ్లతో తిప్పి తిప్పి చూసి, "ఏం యారీమూ, మన కొండల్లో సింహాలన్నీ చెవులొదిలేసి తింటాయేం? అంత సయించవా వాటికి?" అన్నాడు. అందరూ నవ్వారు. తెస్తే కోసి తెచ్చావంటారు, తేకపోతే తిన్నావంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిన్న చెవి లేకుండా వచ్చినప్పుడు హద్నీ, "ఓహో, ఈ సింహానికి చెవులు కూడా రుచించాయన్నమాట" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. యారీము తిండి తినకుండా పడుకుని, తెల్లవారకముందే సాక్ష్యం వెతకడానికి బయల్దేరిపోయాడు.

అతను వెళ్లాక తిర్సా బుట్ట చూసుకుంది. రొట్టెలన్నీ పట్టుకుపోయాడు.

ఒక చెవి ముక్క కోసం పోయేవాడికి అన్ని రొట్టెలెందుకు? ఆ ప్రశ్న పొద్దున్నుంచీ ఆమెను వదలడం లేదు. హద్నీకి చెప్పలేదు. సిల్లాకీ చెప్పలేదు.

వెన్న పడింది. చన్నీళ్లు చిలకరించి ముద్ద చేసి తీస్తుండగా బావి దగ్గర్నుంచి ఆడవాళ్లు నీళ్లు మోసుకొచ్చారు, నీళ్లతోపాటు కబురూ మోసుకొచ్చారు. తెల్లారుతూనే వర్తకుల గాడిదల బిడారు బావి దాటి ఐగుప్తు వైపు పోయిందట. బిడారు వెనక ఎవరో పొట్టివాడు గొర్రెను తోలుకుపోతున్నట్టు కనిపించిందని ఒకామె అంది. గొర్రె కాదు, కుక్కని ఇంకొకామె అంది. యారీము పొట్టివాడే. ఆ మాట ఎవరూ అనలేదు కానీ నలుగురూ తిర్సా మొహంకేసి చూసి, చూడనట్టు కడవలు సర్దుకున్నారు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. మధ్యాహ్నానికల్లా పాళెమంతా తెలిసినట్టే మాట్లాడుతోంది. యారీము గొర్రెను ముందే దాచి వర్తకులకు అమ్మాడు, వాళ్లతోపాటే పోయాడు. కంచే చేను మేస్తే ఇక కాపలా ఎవరు? హద్నీ మళ్లీ వచ్చి గుడారం ముందు నిలబడ్డాడు. ఈసారి తగ్గు గొంతుతో చెప్పాడు. పొద్దు గుంకాక పెద్దాయన కూర్చుంటాడట. అప్పటికి మనిషైనా రావాలి, సాక్ష్యమైనా రావాలి. కాపరి మందలోది దొంగిలించి పారిపోతే అతని ఇంటివాళ్లు యజమాని సొత్తు.

"తల్లీ కూతుళ్లిద్దరికీ గుడారపు గుంజ దగ్గర దాసీల గుర్తుగా చెవి కుట్టేస్తారు. తెలుసుగా" అన్నాడు.

తెలుసు. హద్నీ కుడిచెవి తమ్మెకు ఉన్న రంధ్రం ఆమె రోజూ చూసేదే. కొన్న దాసికి పుట్టినవాడు అతను. పెద్దాయన కొడుకులతో సమానంగా తింటాడు, కానీ ఆ రంధ్రం పూడలేదు. తిర్సా లోపల ఉన్ని దువ్వుతున్న పిల్ల చెవులకేసి చూసింది. చిన్న చెవులు, తండ్రివే.

అప్పుడు, ఆ క్షణంలో, మొగుడి మీద కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. పోయిన ఏడు ఇదే దారిన బిడారు పోతుంటే యారీము కన్నార్పకుండా చూసి, ఐగుప్తులో నీళ్ల కోసం బావులు తవ్వక్కర్లేదట, నదే ఇంటి ముందుకొస్తుందట అన్నాడు. ఇవాళ తెల్లవారుజామున నిద్రపోతున్న పిల్ల తల మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాడు. ఎప్పుడూ అలా చేసే మనిషి కాడు. పైగా రొట్టెలు. పోయాడు, దొంగ సచ్చినోడు పోయాడు, మమ్మల్ని గుంజకి కట్టేసి పోయాడనుకుంది. ఇన్నేళ్లు ఒకే చాప మీద పడుకున్న మనిషి గురించి అలా అనుకుంది.

అయినా కూర్చుని ఉండలేకపోయింది. మంద నిన్న మేసిన లోయవైపు పోతానంది. హద్నీ కూడా బయల్దేరాడు.

"నువ్వెందుకన్నా?"

"నువ్వో చెవి కోసి తేవని నమ్మకమేంటి?"

ఎండ మాడుస్తోంది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఎండిన వాగులో రాళ్ల మీద నడిచారు. లోయ మొదట్లో ఒక తుమ్మచెట్టుంది. దాని కొమ్మకు రొట్టెల మూట వేలాడుతోంది. తిర్సా విప్పి చూసింది. ఒక్క రొట్టె కూడా తగ్గలేదు.

హద్నీ దాన్ని చూసి పెదవి విరిచాడు. "మనల్నిటు తిప్పడానికి ఇక్కడ తగిలించి, అటు దిగి దారి పట్టుంటాడు."

తిర్సాకూ ముందు అదే తోచింది మరి. కానీ చెట్టు కింద మట్టిలో కూర్చున్న ఆనవాలుంది. అక్కణ్ణుంచి చూస్తే లోయలోని బండ కింద గుహ నోరు సూటిగా కనిపిస్తోంది. అప్పుడర్థమైంది. సింహం తిని, తృప్తిగా వదిలి వెళ్లేదాకా రోజైనా రెండు రోజులైనా ఇక్కడ కాచుకోడానికి తెచ్చుకున్నాడు ఆ రొట్టెలు. ఆ తరవాత కాచుకోలేకపోయాడు. సింహం బయటికి పోయిందనుకున్నాడో, సాయంత్రంలోగా చెవి చూపించాలనుకున్నాడో.

ఆమె దిగింది. హద్నీ దిగలేదు. చేతికర్ర పట్టుకుని చెట్టు దగ్గరే నిలబడిపోయాడు.

బండ కింద చల్లగా ఉంది. ముందు గొర్రె తోలు కనిపించింది, ఆ తరవాత యారీము. ఒక పక్కకు తిరిగి, మోకాలు ముడుచుకుని ఉన్నాడు, ఇంట్లో పడుకున్నట్టే. మొహం చెడలేదు. కిందికి చూడగానే ఆమె తల తిప్పేసుకుంది. తన పైవస్త్రం తీసి కప్పింది. కూర్చుని అతని జుట్టులో మట్టి దులిపింది. ఎంతసేపు కూర్చుందో తెలీదు. తరవాత లేచి, మృగం మళ్లీ ముట్టకుండా దొరికిన రాయల్లా తెచ్చి చుట్టూ పేర్చింది. చివరి రాయి పెట్టబోయేముందు అతని ఎడమ కాలి చెప్పు విప్పి తీసుకుంది. రెండో కాలి జోలికి పోలేదు.

పైకొచ్చాక హద్నీ ముందు ఆ చెప్పు పెట్టింది. అతను అలవాటు ప్రకారం తీసి అడుగు చూశాడు, తోలు పట్టీ చూశాడు, వాసన చూశాడు.

"చెప్పు ఎవడైనా విడిచిపోవచ్చు" అన్నాడు. అనడానికి అన్నాడే గాని గొంతులో పస లేదు.

తిర్సా అరవలేదు. "దిగిరా అన్నా. నువ్వే చూడు. చెవి కావాలంటే నువ్వే కోసుకో."

హద్నీ లోయలోకి చూశాడు. ఒకడుగు వేశాడు, ఆగాడు. అతని చెయ్యి తనకు తెలియకుండానే తన చెవి మీదికి పోయింది. కాసేపయ్యాక చెప్పును ఆమె చేతికిచ్చి ఇంటిదారి పట్టాడు. దారిలో, ఎవరితోనో అన్నట్టు, తన చిన్నతనం సంగతి చెప్పాడు. మీసాలు రానప్పుడు మేకలు కాసేవాడట. తోడేలు ఒకదాన్ని ఎత్తుకుపోతే భయపడి వెతకలేదట. తినని మేకకు తాను తిన్న దెబ్బలు ఇప్పటికీ చలికాలంలో నొప్పెడతాయట. ఆమె విన్నదో లేదో అతను చూసుకోలేదు.

పొద్దు గుంకింది. పెద్దాయన అమ్మీయేలు గుడారం ముందు చాప మీద కూర్చున్నాడు, తెల్లగడ్డం ఒళ్లోకి జారిన ముసలాయన. పాళెమంతా చుట్టూ చేరింది. తిర్సా చాప మీద చెప్పు పెట్టి వెనక్కి జరిగింది. సిల్లా తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గొర్రెకు చెవి ఆనవాలు గాని మనిషికి చెప్పేం ఆనవాలని వెనకెవరో గొణిగారు. తిర్సాకు తెలుసు, వాళ్లంతా ఇంకా బిడారు వెనక పోయిన పొట్టివాణ్నే చూస్తున్నారు.

పెద్దాయన హద్నీకేసి తిరిగాడు. "వెంట పోయింది నువ్వు. శవాన్ని చూశావా?"

హద్నీ ముందుకొచ్చాడు. మోకరించాడు. అడక్కుండానే తన కుడిచెయ్యి పెద్దాయన తొడ కింద పెట్టాడు. ఆ పాళెంలో అంతకు మించిన ప్రమాణం లేదు. అలా ప్రమాణం చేసి అబద్ధమాడినవాడి వంశం ఎండిపోతుందని పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు.

"చూశాను" అన్నాడు హద్నీ.

"నీ కళ్లతో?"

"నా ఈ కళ్లతోనే చూశానయ్యా. సింహమే చీల్చింది."

తిర్సా తలెత్తింది. హద్నీ ఆమెకేసి చూడలేదు.

మృగం చీల్చినదానికి కాపరి బాధ్యుడు కాడన్నాడు పెద్దాయన. తల్లీ కూతుళ్ల మీద ఎవరికీ హక్కు లేదు, యారీము జీతంగా పొందిన పొడల మేకలు వాళ్లవే, రేపు మగవాళ్లు పోయి అతన్ని పాతిపెట్టి రావాలి అన్నాడు. జనం మెల్లిగా చెదిరిపోయారు. ఇందాక గొణిగినవాళ్లే ఇప్పుడు, పాపం మంచివాడు అనుకుంటూ పోయారు. సిల్లా తల్లి మెడ పట్టుకుని ఏడ్చింది.

తిర్సాకు అప్పుడొచ్చింది ఏడుపు, లోయలో రానిది. గొర్రె చెవిని చేతిలో పెట్టినా నమ్మనివాడు, చూడనిదాన్ని చూశానని తన వంశాన్ని ఒడ్డాడు. తను మాత్రం, ఇన్నేళ్లు యారీము పక్కన పడుకున్నది, మధ్యాహ్నం గాడిదల బిడారు కబురును నమ్మింది. ఈ మాట ఇక చెప్పుకోడానికి మనిషి లేడు. అతనికి తప్ప ఎవరికి చెప్పినా ప్రయోజనమూ లేదు. కూతుర్ని పట్టుకుని, నోట్లో కొంగు కుక్కుకుని, లేవలేక అలాగే కూర్చుండిపోయింది.

పెద్దాయన లోపలికి పోయాడు. చాప మడవడానికి వచ్చిన దాసి వంగి, ముట్టుకోకుండానే వెనక్కి తిరిగింది. చాప మధ్యలో యారీము ఎడమకాలి చెప్పు అలాగే ఉంది, మడమ దగ్గర అరిగి, బొటనవేలు ఆనిన చోట గుంట పడి.