గడ్డిలో ఒక మడి

బసవపున్నయ్య గడ్డిలో బోర్లా పడుకుని ఐదో స్ప్రింక్లరు విప్పుతున్నాడు. ఎడమచేత్తో లోపలి గొట్టాన్ని పైకి లాగి పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళతో నాజిలు తిప్పి ఊడదీశాడు. దాని కింద చిటికెనవేలంత జాలీ ఉంటుంది. దాన్ని మగ్గులో ముంచి, పాత పళ్ళబ్రష్షుతో తోమి, ఒక కన్ను మూసి వెలుగుకెదురుగా పెట్టి చూశాడు. అన్ని కన్నాల్లోంచీ వెలుగు కనిపించాక గానీ మళ్ళీ బిగించడు. బోరునీళ్ళ ఉప్పు పేరుకుని ఒక్కటి మూసుకున్నా, ఆ వైపు గడ్డి వారం తిరక్కుండా ఎండిపోతుంది.

కానీ ఈ ఇంట్లో గడ్డి ఎండిపోవడం లేదు, కుళ్ళిపోతోంది. లేచి నిలబడేసరికి అతని చొక్కా ముందువైపంతా బురద అంటుకుని ఉంది. అరవైమూడేళ్ళ బక్కపలచని మనిషి. మోకాళ్ళమీద చేతులానించి ఊపిరి కూడదీసుకున్నాడు. ఎడమ భుజం పొద్దుటినుంచీ లాగుతూనే ఉంది.

భవానీపురంలో ఇలాంటి ఇళ్ళు పదకొండు అతని చేతిలో ఉన్నాయి. ఏ ఇంట్లోనైనా అన్నిటికన్నా దూరంగా ఉన్న మూలనుంచే పని మొదలుపెడతాడు. అది తండ్రి దగ్గర అబ్బిన అలవాటు. తండ్రి పుల్లయ్య హనుమాన్ జంక్షన్ దగ్గర ఏలూరు కాలువమీద లస్కరు. తూముల తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. మొదటి రైతు చేతిలో పెట్టే మామిడిపళ్ళు పుచ్చుకోకుండా, గట్టు వెంట నడిచి వెళ్ళి చిట్టచివరి చేలో వేలు గుచ్చి తడి చూసి వచ్చేవాడు.

ఆ ఉదయం ఇంటి యజమాని దుర్గాప్రసాద్ ఆఫీసుకి బయల్దేరుతూ కారు దగ్గర ఆగాడు.

"బసవపున్నయ్యగారూ, ఫోన్లో చూస్తే స్ప్రింక్లర్లు రోజుకి పది నిమిషాలే తిరుగుతున్నాయండీ. నిన్న అటు నడిస్తే బూటు మొత్తం దిగబడిపోయింది. దోమలు, ఆ వాసన... ఇంక మావల్ల కాదు. సాయంత్రం నేనొచ్చేసరికి నేల గట్టిపడితే సరి. లేదంటే రేపు టైల్స్ వాళ్ళని రమ్మంటాను. పార్కింగన్నా కలిసొస్తుంది."

వరండాలో పడక్కుర్చీలో ఉన్న తండ్రివైపు అతను చూడలేదు. వెంకటకృష్ణారావుకి ఎనభై నాలుగేళ్ళు. మోకాళ్ళు సహకరించక నాలుగేళ్ళ కిందట పొలం అమ్మేసి, భార్య సుబ్బరత్నంతో కొడుకు దగ్గరికి వచ్చారు. ఆయన కోసమే కొడుకు ఈ పచ్చిక వేయించాడు. ఆ రోజునుంచీ ఆయన కుర్చీ వీధివైపు తిరగలేదు.

కారు వెళ్ళిపోయాక బసవపున్నయ్య గడ్డిలో పాతిన వాల్వు పెట్టె మూత ఎత్తాడు. లోపలినుంచి కప్ప ఒకటి ఎగిరి అతని పాదమ్మీద నుంచి గడ్డిలోకి దూకింది. వాల్వుమీద చిన్న మర ఉంటుంది. దాన్ని కాస్త వదులు చేస్తే టైమరుతో పనిలేకుండా నీళ్ళు వస్తాయి, ఆ సంగతి ఏ ఫోన్లోనూ కనపడదు. ఆ మర చుట్టూ బురద చెదిరి, వేళ్ళ గుర్తులున్నాయి. పక్కనే రెండు వక్కపలుకులు.

అతను వాటిని వేలితో తీసి జేబులో వేసుకున్నాడు. మరని ఇంకో పట్టు గట్టిగా బిగించాడు.

సుబ్బరత్నమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "ఏం తేలింది నాయనా? గడ్డి దక్కుతుందా?"

"వాల్వులో రబ్బరు అరిగిపోయిందమ్మా. నేనే ముందు చూసుకోవాల్సింది."

కుర్చీలో పెద్దాయన చటుక్కున తలెత్తాడు. భార్య లోపలికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి, "రబ్బరు అరగలేదు కదూ?" అన్నాడు.

"అరగలేదండీ."

"మరి?"

"తమరు ఆ వక్కపలుకుల డబ్బా మూత సరిగ్గా పెట్టుకోవడం లేదండీ."

పెద్దాయన భుజాలు చిన్నగా ఊగాయి. నవ్వుతున్నాడు.

"ఏం చెయ్యనయ్యా! పది నిమిషాలు చిమ్మితే అదేం తడి? పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు చల్లి మానేస్తుంది. తెల్లారుజామున లేచి చూస్తే ఎక్కడా నీళ్ళు నిలబడి ఉండవు. ప్రాణం ఊరుకోదు. పీటేసుకుని కూర్చుని, కాసేపు ఆ మర వదులు చేసి మళ్ళీ బిగిస్తాను."

బసవపున్నయ్యకి అది తెలియనిది కాదు. అరవై ఏళ్ళు వరి పండించిన కంటికి, నీళ్ళు నిలవని పచ్చదనం దాహంతో ఉన్నట్టే కనిపిస్తుంది. అతని భార్య శివపార్వతి కూడా ఒకసారి ఇలాగే తెల్లబోయింది. గవర్నర్‌పేటలో మోటార్ల కొట్లో ఇరవయ్యారేళ్ళు చేశాక, అతను ఈ పని నేర్చుకున్న కొత్తల్లో, ఒక ఇంటి గేటు బయట నిలబెట్టి ఆమెకు స్ప్రింక్లర్లు చూపించాడు. ఆమె చీర కొంగు బుగ్గన ఆనించుకుని చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్ళు పోసి పెంచి, గొడ్డుకైనా వెయ్యకుండా కత్తిరించి పారేస్తారా? హవ్వ!" అంది. బస్సులో ఇంటికి వచ్చేదాకా తలుచుకుని తలుచుకుని నవ్వింది. ఆమె పోయి రెండేళ్ళు. రెండు గిన్నెల కారియరులో అతనిప్పుడు ఒక గిన్నే తెచ్చుకుంటున్నాడు.

అతను షెడ్డులోంచి గునపం తీశాడు. పచ్చికంతా జానెడుకొక కన్నం పొడుచుకుంటూ వెళ్ళాడు. నేల వాలు ప్రహరీ మూలకి ఉంది. అక్కడ మంచమంత జాగాలో కుళ్ళిన గడ్డి చెక్కేసి, బెత్తెడు లోతు తవ్వి, ఆ మట్టినే చుట్టూ గట్టుగా పోశాడు. గడ్డిలోంచి దానిలోకి సన్నటి బోదె తీశాడు. కాసేపటికి ఎర్రటి నీళ్ళు ఒక్కొక్క ధారగా దిగడం మొదలైంది. రెండుసార్లు గునపం పాతేసి దానికే ఆనుకుని నిలబడ్డాడు.

పెద్దాయన కర్ర ఊతతో గట్టుదాకా వచ్చాడు.

"ఇదేంటయ్యా?"

"మడండీ. తమరు నీళ్ళు పెట్టుకోవాలంటే దీనికే పెట్టుకోండి. గడ్డి జోలికి రాకండి. నీళ్ళు నిలబడితే దానికి ఊపిరాడదు. ఇక్కడ వరి వేసుకోండి, ఎవరూ కాదనరు."

వెంకటకృష్ణారావు వంగలేక, కర్ర చివరతో గట్టుమీద ఒక మట్టిగడ్డని మెల్లగా అణిచాడు. మళ్ళీ ఇంకొకటి. తర్వాత వెనక్కి తిరిగి, "ఏమేవ్, వరండాలో పిచ్చికలకి కట్టిన వరికంకుల్లోంచి గుప్పెడు గింజలు దూసి చెంబులో నానబెట్టు!" అని కేకేశాడు.

"ఎందుకూ?"

"నారు పోస్తాను."

"పొలం అమ్మాడు గానీ నీటి వంతు మాత్రం అమ్ముకోలేదమ్మా ఈ మనిషి," అంటూనే సుబ్బరత్నమ్మ స్టూలు తెచ్చుకుని కంకులు అందుకుంది.

మార్చి ఎండ బాగా కాసింది. మూడున్నరయ్యేసరికి పచ్చికమీద తళతళ పోయి మట్టి రంగు తేలింది. బసవపున్నయ్య ప్రహరీకున్న నీళ్ళ తూముకి అడ్డంగా పెట్టడానికి జానెడు చెక్కముక్క ఒకటి వెతికి తెచ్చాడు. మేకు మొనతో దానిమీద అడ్డంగా గీత గీసి, దాని పైభాగాన్ని చిన్న గాటులా చెక్కాడు. తూములో నిలబెట్టి, రెండుపక్కలా బురద మెత్తి బొటనవేళ్ళతో నొక్కాడు.

"నాలుగు వేళ్ళ లోతండీ. గీత దాటిన నీళ్ళు రోడ్డు కాలవలోకి పోతాయి. తమరు ఎంత పెట్టినా ఇంతే."

"మీ నాన్న లస్కరన్నావు కదూ?"

"అవునండీ."

"తెలుస్తూనే ఉంది," అన్నాడు పెద్దాయన.

ఐదింటికి అతను టైమరు నాలుగు నిమిషాలకి తిప్పి పెట్టి, మూల ప్రహరీకి వీపు ఆనించి కూర్చున్నాడు. ముందు చివరి వరస లేచింది. నేలలోంచి నల్లటి తలలు ఒక్కసారిగా పైకి వచ్చి, ఒక్క క్షణం బుసకొట్టి, నీళ్ళు విప్పాయి. అన్నీ సమానంగా తిరుగుతున్నాయి. ఎక్కడా ఎండు జాగా మిగల్లేదు. తుంపర గాలికి వచ్చి అతని మొహంమీద పడింది. తుడుచుకోలేదు.

జూన్‌లో కాలువకి నీళ్ళు వదిలే రోజు తండ్రి అతన్ని గట్టుమీదికి తీసుకెళ్ళేవాడు. ముందు ఏమీ కనిపించేది కాదు. ఎండిన కాలువ అడుగున ఆకులు గలగలమనే చప్పుడు దూరంనుంచి వచ్చేది. ఆ తర్వాత నురగ, చితుకులు, చెప్పుముక్కలు తోసుకుంటూ నీళ్ళ మొదలు వచ్చేది. తండ్రి చెప్పులు చేత్తో పట్టుకుని దానికన్నా నాలుగడుగులు ముందు, వెనక్కి తిరిగి చూసుకుంటూ, కాలువలో నడిచేవాడు. వెనకనుంచి నీళ్ళు వచ్చి మడమలకి తగిలినప్పుడు ఆయన మొహం ఎలా ఉండేదో బసవపున్నయ్య కళ్ళు మూసుకుని చూశాడు.

రెండో వరస ఆగింది. మూడోది లేచింది.

దుర్గాప్రసాద్ గేటు తీసుకుని వచ్చేసరికి అదీ ఆగిపోయి, తలలన్నీ నేలలోకి దిగిపోయాయి. అతను పచ్చికమీద ఒక కాలు మోపి, బరువు వేసి చూశాడు. రెండో కాలు పెట్టాడు. మధ్యదాకా నడిచాడు. బూటు దిగబడలేదు.

"పర్లేదే! సర్లెండి, ఉంచేద్దాం. టైల్స్ వాళ్ళకి వద్దని చెప్తాను. వింటున్నారా బసవపున్నయ్యగారూ?"

"నిద్రపోతున్నాడురా, లేపకు," అన్నాడు గట్టుదగ్గర కుర్చీ వేసుకున్న తండ్రి. "పొద్దుటినుంచీ గునపం దించలేదు."

దుర్గాప్రసాద్ దగ్గరికి వెళ్ళి వంగి భుజంమీద చెయ్యి వేశాడు. కొంచెంసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత గడ్డిమీద మోకాళ్ళు ఆనించి కూర్చుని, అతని చేతిని తన చేతిలోకి తీసుకుని, మణికట్టు దగ్గర వేళ్ళు ఆనించి చూశాడు.

"నాన్నా," అన్నాడు చాలా మెల్లగా. "అమ్మని పిలు."

పెద్దాయన పిలవలేదు. లేవాలని కర్ర కోసం చెయ్యి చాచి, అందక, అలాగే ఉండిపోయాడు.

పచ్చికలో మిగిలిన నీరు బోదె వెంట ఇంకా మడిలోకి దిగుతూనే ఉంది. తూములో నిలబెట్టిన చెక్కముక్కకి రెండుపక్కలా బొటనవేళ్ళ గుర్తులు ఆరుతున్నాయి. నీళ్ళు మెల్లగా దానిమీద గీతదాకా వచ్చి, అక్కడ ఆగాయి.