కస్టమర్ లేచినాక

రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలట. పంజాగుట్ట క్లినిక్‌లో డాక్టర్ మంజూష గారు నాకీ మాట చెప్పడం ఇది మొదటిసారి కాదు. "ఏంటమ్మా సంగీతా, చదువుకున్న పిల్లవి. మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తే ఈసారి కిడ్నీలకి పాకుతుంది" అని కేకలేశారు. ఆవిడ మంచిదే. చెప్పించుకుని చెప్పించుకుని నాకే విసుగు పుట్టింది.

అమీర్‌పేటలో చీరల షాపులో పనిచేస్తాను. పొద్దున నిలబడితే షాపు మూసేదాకా నిలబడటమే. బాత్రూమ్ ఐదో అంతస్తులో. ముందు కస్టమర్ కూర్చుని ఉంటే కదలకూడదు. ఖాళీ దొరికినా ఫ్లోర్ మేనేజర్ కృష్ణమోహన్‌ను అడిగి పోవాలి. మగమనిషిని, అందరి ముందు, ఎన్నిసార్లని అడుగుతాం? అందుకే మా కౌంటర్ ఆడపిల్లలం అన్నం తిన్నప్పుడు కూడా గొంతు తడుపుకుంటామంతే. ఇదంతా డాక్టరుకు చెప్పడానికి నోరు రాలేదు. "తాగుతా మేడం" అనేసి వచ్చాను.

శ్రావణమాసం రద్దీలో ఆవిడే మా షాపుకొచ్చారు, కూతురి పెళ్లి చీరలకు. నన్ను గుర్తుపట్టి సంబరపడ్డారు. అప్పటికే నాకు పొత్తికడుపులో మంట మొదలైంది.

"నీళ్లు తాగుతున్నావా?"

"తాగుతున్న మేడం."

నమ్మలేదు. కస్టమర్లకిచ్చే సీసా మూత తీసి నా చేతిలో పెట్టారు. "ఏదీ, నా ముందు తాగు."

అంత ప్రేమగా ఇస్తే ఎలా కాదంటాను? సీసా ఖాళీ చేశాను.

ఆ తర్వాత ఎరుపు చూశారు, వంకాయ రంగు చూశారు, మళ్లీ ఎరుపుకొచ్చారు. నా ముందు చీరలు గుట్టపడ్డాయి. చెమటలు పట్టాయి. అటుగా వచ్చిన కృష్ణమోహన్‌తో మెల్లగా, "అన్నా, జర పైకి పోయొస్త" అన్నాను.

"కస్టమర్ లేచినాక పో."

"ఆ పై అరలోది, మామిడిపిందెల అంచుది తియ్యమ్మా" అన్నారు డాక్టర్.

చెయ్యి పైకెత్తేసరికి ప్రాణం పోయినంత పనైంది. "మేడం, మీరు లేస్తెనే నన్ను బాత్రూమ్‌కు పోనిస్తరు" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. ఒళ్లోని చీర పక్కన పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని లేచారు. నేను మెట్లెక్కి పరిగెత్తాను. మంటకు ఏడుపొచ్చింది. దిగొచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు, ఒక్క చీరా కొనకుండా.

"కూసున్న కస్టమర్‌ను లేపి పంపినవ్. గిట్లయితే ఎట్ల?" అన్నాడు కృష్ణమోహన్.

గుట్టలోంచి ఒక్కో చీరా తీసి మడతపెట్టసాగాను. డాక్టరుకు ఇక నా సంగతి తెలుసు, ఈసారి తిట్టరు. ఆ మాట తలచుకున్నా మనసు తేలికపడలేదు. నొప్పి నడుములోకి పాకుతోంది. ఇంతలో ఒక పెద్దావిడ, కోడళ్లూ మనవరాళ్లూ వెంటరాగా, మా కౌంటర్ దగ్గరికొచ్చి పెళ్లి చీరలు కావాలంది. కృష్ణమోహన్ నా వైపే చూస్తున్నాడు.

"కూర్చోండి మేడం" అన్నాను.