ఐదింటి ఆరాధన

శనివారం ప్రెస్బిటరీ సభకు రాజమ్మ తొలి బస్సులో కోడూరు నుంచి బందరు వెళ్లింది. చుట్టుపక్కల పద్నాలుగు సంఘాల పాస్టర్లు, పెద్దలు ఏడాదికి రెండుసార్లు కూర్చుని మంచీ చెడూ తేల్చే సభ అది. ఈసారి తేలాల్సింది రాజమ్మ వాళ్ల చర్చి సంగతే. జనం లేరు కాబట్టి దాన్ని పక్క ఊరి సంఘంలో కలిపేసి తలుపుకు తాళం వేయాలని తీర్మానం పెట్టారు.

రాజమ్మ తమ ఊరి సంఘానికి పెద్దగా ఎన్నికై ఏడాదైంది. నాట్ల ముఠాకు మేస్త్రి. నలభైమందిని బురదలో వరస తప్పకుండా నడిపించే మనిషికి మైకంటే బెదురేముంటుంది?

ఆ తీర్మానం పెట్టిన సభ కార్యదర్శి సుందరరాజు గారు రిపోర్టు చదివారు. ఈ నెలలో రెండు ఆదివారాలు పదింటికి ఆయనే స్వయంగా వెళ్లారట. రెండుసార్లూ ముసలీ ముతకా తొమ్మిదిమందే ఉన్నారట. వెనక వరసలో ఎవరో, విశ్వాసులకంటే పిచ్చుకలే ఎక్కువేమో అన్నారు. నవ్వులు లేచాయి.

నవ్వులు అణిగేదాకా ఆగి రాజమ్మ లేచింది.

"అయ్యగారూ, ఆగస్టులో పదింటికి మా ఊళ్లో పొడికాళ్లతో ఎవరైనా కనిపించారా అండీ?"

ఆయన ఆలోచించి, లేదన్నారు.

అప్పుడు చెప్పింది. తమది కాలవ చివరి ఊరు. నీళ్లొచ్చిన రోజే నాటుకోవాలి, ఆదివారమని ఆగవు. అందుకే అత్తగారి కాలం నుంచీ నాట్ల రోజుల్లో తెల్లవారుజామున ఐదింటికే ఆరాధన. పదింటి ఆరాధన చేలోకి దిగలేని వాళ్ల కోసం. ఇది బందరుకు రాసి పంపాలని ఎవరికీ తోచలేదు, ఆ తప్పు తమదేనని ఒప్పుకుంది.

"రేపు ఐదింటికి రండి. చూశాకే చేతులెత్తండి."

"ఆ వేళకి బస్సుండదు కదమ్మా," అన్నారు సుందరరాజు గారు.

"ఈ రాత్రికి మా ఇంట్లో మంచం ఉందండీ. కూర మాత్రం చింతచిగురు రొయ్యలే, పేచీ పెట్టకూడదు."

ఈసారి నవ్వింది ఆయనే. ఓటు వాయిదా పడింది.

మర్నాడు ఐదింటికి సుందరరాజు గారికి లోపల చోటు దొరకలేదు. చీరలు ఎగ్గట్టిన ఆడవాళ్లు, తలపాగాలు చుట్టిన మగవాళ్లు గుమ్మందాకా నిలబడ్డారు. ఆయన మెట్టు మీద నుంచే లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఎనభై దాటాక పెన్ను జేబులో పెట్టుకున్నారు.

"తీర్మానం వెనక్కి తీసుకుంటానని నేనే చెబుతాను," అన్నారు మెల్లగా.

"మంచిదండీ. ముందు పాటెత్తండి," అంది రాజమ్మ, "ఆరింటికల్లా మడిలో ఉండాలి."