సంరక్షకుడు కోరిన మార్పు

ఎనభై క్యాబేజీలు. ఒక్కోటీ రెండు చెక్కలుగా కోసి, ఆకు ఆకుకీ మధ్య ఉప్పు చల్లుతూ పెరట్లో కూర్చుంది మ్యోంగ్‌రన్. చలికాలమంతా అత్తగారికీ, ఇద్దరు మరుదులకీ, సియోల్లో ఆడపడుచుకీ సరిపడా కిమ్చీ పచ్చడి పెట్టాలి. ఇరవై రెండేళ్లుగా పెడుతున్నవి ఈ రెండు చేతులే.

ఫోన్లో ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. “సంరక్షకుడు కోరిన ప్రకారం మీ ఆపరేషన్‌ను గురువారం నుంచి జనవరి పదహారుకు మార్చాం.”

సంరక్షకుడట! ఆసుపత్రి కాగితాల మీద సంతకం పెట్టిన పుణ్యానికి మొగుడు చాంగ్‌బేకి ఆ పేరు దక్కింది.

సరిసంఖ్య ఏడాదిలో పుట్టినవాళ్లకు సరిసంఖ్య ఏడాదిలోనే ప్రభుత్వం చేయించే క్యాన్సర్ పరీక్ష. కిందటిసారి పిలుపొచ్చిన వారం మామగారి తద్దినం. వంటింట్లోంచి కదల్లేకపోయింది. ఈసారి వెళ్లింది. గడ్డ లేదు, నొప్పి లేదు. రొమ్ము ఎక్స్‌రేలో మాత్రం తెల్లటి నలుసులు. సూదితో ముక్క తీసి చూశారు. “క్యాన్సర్ కణాలు పాలనాళం లోపలే ఉన్నాయి, గోడ దాటలేదు. దీన్ని సున్నా దశ అంటాం. అందరిలోనూ దాటాలని లేదు. మీకు దాటవని మాత్రం చెప్పలేను. తీసేద్దాం” అంది డాక్టరమ్మ.

“సున్నా అంటే ఏమీ లేదనేగా! మేం జ్వరాలతోనే కిమ్చీ పెట్టాం” అంది ఆ రాత్రి అత్తగారు.

“దాటలేదన్నారుగా, ఎందుకంత హడావిడి?” అన్నాడు చాంగ్‌బే.

రెండు నెలలు ఆగితే కొంప మునగకపోవచ్చు. కానీ ఆగాలో వద్దో చెప్పాల్సిందెవరు? రొమ్ము ఎవరిది? ఒళ్లు భగ్గుమంది. రబ్బరు తొడుగులు లాగేసి ఆసుపత్రికి ఫోన్ చేసింది.

“గురువారం ఇంకా ఖాళీగానే ఉందమ్మా. మళ్లీ రాసేయమంటారా?” అంది నర్సు.

“రాసేయండి. సంరక్షకుడి పేరు కొట్టేసి మా అక్క సుంగ్‌నిమ్ పేరు రాయండి. ఇకమీదట తేదీ సంగతి నాతోనే మాట్లాడండి.”

గుమ్మంలో కాఫీ తాగుతున్న చాంగ్‌బే అంతా విన్నాడు. మొహం ఎర్రబడింది.

“కిమ్చీ ఎవరు పెడతారనుకున్నావు? నన్నొక్క మాటైనా అడగకుండా తేదీ ఎలా మారుస్తావు?”

“అడక్కపోతే మండుతుంది కదూ?” అంది మ్యోంగ్‌రన్.