లెక్క చెప్పని మంద

మున్సిఫు అడిగిన ఒక్క ప్రశ్నకు ఐలేశం జవాబు చెప్పి ఉంటే, నడి ఎండాకాలంలో మందను విడిచి అతని భార్య జానమ్మ మహబూబ్‌నగర్ బస్సెక్కాల్సిన పని ఉండేది కాదు.

"నీ మందలో గొర్రెలెన్ని?" అని అడిగాడాయన.

"దేవుడిచ్చినయి ఉన్నయి సారూ."

"అవే, ఎన్ని?"

"గవే సారూ."

కోర్టంతా నవ్వింది. ఫిర్యాదు చేసిన మారయ్య పటేలు మాత్రం నవ్వలేదు. కొత్తకోట దగ్గర తన ముప్పై ఎకరాల్లో రాత్రిళ్లు మంద నిలిపి ఎరువు చేస్తామని ఈ ఆలుమగలు కాగితం మీద వేలిముద్రలు వేశారు. ఐదువందల గొర్రెలుండి సగం పక్క ఊళ్లో దాచారు. చేను సగం కూడా కాకముందే పోతామంటున్నారు. ఇదీ అతని వాదన. దాచినవాడే లెక్క చెప్పడనుకున్నాడు మున్సిఫు. కేసు తేలేదాకా మంద ఊరి పొలిమేర దాటరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాడు.

మందను లెక్కపెట్టరాదని వాళ్ల ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. లెక్క నోటికొస్తే ఆనాటి నుంచే తరుగంటారు. సాయంత్రం మంద చేరగానే జానమ్మ మొహాలు చూసుకుంటుంది. లేని మొహం ఇట్టే తెలిసిపోతుంది.

ఉత్తర్వు వచ్చి ఇరవై రోజులైంది. కుంట నెర్రెలు విచ్చింది. ఏటా ఈపాటికి కృష్ణ ఒడ్డున మేయాల్సిన మంద ఇక్కడ బురద నాకుతోంది. ఇంచుమించు రోజుకో మొహం తగ్గుతోంది. కాగితం మీద జానమ్మ వేలిముద్ర కూడా ఉంది. మందలో సగం పుట్టింటివాళ్లు ఇచ్చిన గొర్రెల సంతానమే. అందుకే ఐలేశాన్ని మంద దగ్గర ఉంచి తానే బయలుదేరింది.

"అప్పీలు వేస్తాను. కానీ జడ్జిగారు మొదట అడిగేది అదే," అన్నాడు మహబూబ్‌నగర్ జిల్లా కోర్టు వకీలు. "ఐదువందలు లేవని తేలాలి. ఈ ఉత్తర్వు వల్ల ఎన్ని చచ్చాయో తేలాలి. ఎన్నమ్మా?"

"గది నోటితోని అనం సారూ. మొహాలు చెప్త, రాసుకోండ్రి."

"మొహాలా!"

"చెవి చినిగింది. దాని బిడ్డ. మోకాలి మీద మచ్చున్నది. మా అవ్వ పెండ్లినాడిచ్చిన గొర్రె మనుమరాలు. నల్లమూతిది..."

గుమాస్తా నవ్వాపుకుని గీతలు గీయసాగాడు. చచ్చినవాటి దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది. ఆ గీతలు వేరే కాగితం మీద పడ్డాయి.

వకీలు కూడుకుని పైకి చదివాడు. "నూట ముప్పై ఎనిమిది. అందులో పోయినవి పదహారు."

"గట్టిగ అనకుండ్రి!" జానమ్మ చెవులు మూసుకుంది.

"నీ మంద లెక్క నాకు తెలిసింది, నీకు వద్దు. మంచి కేసే దొరికింది నాకు! రేపు జడ్జిగారి ముందు కూడా చెవులు మూసుకుంటావా?"

మర్నాడు జడ్జిగారు ఆమెనే అడిగారు. జానమ్మకు మున్సిఫు కోర్టు గుర్తొచ్చింది. అక్కడ ఐలేశం నోరు విప్పలేదు. విప్పకపోయినా పదహారు పోయాయి. చెప్తే తరుగంటారే, మరి ఈ తరుగు దేనివల్ల?

"నూట ముప్పై ఎనిమిదుండె దొరా. ఇయ్యాల నూట ఇరవై రెండు."

"మరి మొదటే ఎందుకు దాచారు?"

"దాయలే దొరా. అనలే, గంతే."

మిగిలిన చేను వచ్చే వేసవిలో పూర్తి చేస్తామని మాట తీసుకుని జడ్జిగారు కింది కోర్టు ఉత్తర్వును నిలిపివేశారు. బయట మెట్ల మీద పటేలు, "లెక్క నేర్చినవు గద జానమ్మా, వచ్చేయేడు ఒక్కటి తగ్గినా ఊకోను," అన్నాడు.

మంద దగ్గరికి చేరగానే ఐలేశం అడిగాడు. "చెప్పినవా?"

"చెప్పిన."

"ఎంత..." అనబోయి ఆగిపోయాడు. "వద్దు. నాకు చెప్పకు."

తెల్లవారాక కంచె తీశారు. సందులోంచి గొర్రెలు ఒక్కొక్కటిగా బయటికి వస్తుంటే జానమ్మ పక్కన నిలబడింది. చెవి చినిగింది వచ్చింది. వెనకే దాని బిడ్డ. తర్వాత ఎన్నో వచ్చాయి. చివరిది కూడా దాటిపోయాక ఆమె కంగారుగా కేకేసింది.

"జర ఆగయ్యా! నల్లమూతిది కనబడలే!"

ఐలేశం వింతగా చూశాడు. "ముంగట నడుస్తాంది గదనే. నీ కొంగుకు రాసుకుంటనే పాయె."

జానమ్మ తన కుడిచేతి వంక చూసుకుంది. బొటనవేలు ఇంకా వేళ్ల కణుపుల మీదే ఉంది.